గుండ్రాయీ, సంగటి ముద్దా

వేసవి సెలవులకి మా అన్న కూతురు హైదరాబాదు నించి కమలాపురం వచ్చింది. వస్తూ వస్తూ ఒక చార్టు పట్టుకొచ్చింది. పన్నెండు వారాల చార్టు. అందులో ఉన్నది ఉన్నట్టు చేస్తే ఒళ్ళు గుర్తుపట్టలేనంతగా మారిపోతుందిట! ఏ రోజు ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత సేపు ఆగాలి, పొద్దున ఏం తినాలి, రాత్రి ఏం తినకూడదు... అన్నీ గళ్ళు గీసి ఉన్నాయి. దానికి కొంత రుసుము కూడా కట్టిందిట.

మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ చార్టును ఎగాదిగా చూసింది.

"ఏం మే, దుడ్లిచ్చి ఆకలి కొనుక్కొచ్చుకున్నావా?" అంది.

పిల్ల మూతి ముడుచుకుంది. "అది ఆకలి కాదు జేజీ, ప్రోగ్రాం!" అంది.

నాకు నవ్వొచ్చింది గానీ, బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి ఏ వస్తువును చూసినా దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకు అలవాటు. ఈ చార్టు తాతముత్తాతలెవరు? ఇది నిజంగా కొత్తదేనా?

కొత్తది కాదని చెప్పడానికి మా వీధి చివరి ఆంజనేయస్వామి గుడిదాకా వెళితే చాలు. అక్కడ చెట్టు కింద ఒక నల్లటి గుండ్రాయి ఉంది. ఇప్పుడు దానిమీద మేకపిల్లలు ఎక్కి ఆడుకుంటున్నాయి. మా నాన్న కాలంలో వయసు కుర్రాళ్ళు దాన్ని ఎత్తేవాళ్ళు. ఒక్కరోజులో కాదు సుమండీ! మొదట నేలమీంచి కదిలించాలి. కొన్నాళ్ళకి మోకాలిదాకా తేవాలి. ఆ తరువాత ఒళ్ళోకి, ఒళ్ళోంచి రొమ్ముమీదికి, ఆఖరికి భుజంమీంచి వెనక్కి వదలాలి. ఇది ప్రోగ్రాం కాక మరేమిటి? గళ్ళు గీసిన కాగితం లేదంతే.

ఇంకా పెద్ద ప్రోగ్రాం ఒకటుంది మా ఊళ్ళో. అది ఎద్దులకి! మా కమలాపురం దర్గా ఉరుసు రోజుల్లో బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఆ పోటీకి ఎద్దుల్ని సిద్ధం చేసే రైతును చూడాలి. చిన్న బండతో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ బరువు పెంచుతాడు. ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు వేళకి పెడతాడు. ఒళ్ళు మర్దన చేస్తాడు. అలిసిన రోజు విశ్రాంతి ఇస్తాడు. కన్నబిడ్డనైనా అంత శ్రద్ధగా చూస్తారో లేదో!

"మరి గుండు ఎత్తేవాళ్ళకి ఏం పెట్టేవాళ్ళు?" అని అమ్మను అడిగాను.

"వాళ్ళకేం! ఇంతింత సంగటి ముద్దలు, శెనక్కాయల ఊరిబిండి, చెంబుడు మజ్జిగ. ఇంట్లో బర్రె ఈనిందంటే పాలన్నీ వాళ్ళకే."

"మరి మీకు?"

అమ్మ కొంచెంసేపు ఆలోచించింది. ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు. "మాదేముంది... అందరూ తిన్న్యాక ఉండేది" అంది.

ఎద్దుకు కూడా ఉన్న చార్టు మా అమ్మకు లేదు! ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అక్కణ్ణించి నేను చదివిన చరిత్రనంతా ఆ కళ్ళతోనే మళ్ళీ చూశాను.

ఒంటిని కొలతలేసి మార్చుకోవచ్చని ప్రపంచానికి చాటినవాడు యూజీన్ శాండో. 1867 లో ప్రష్యాలో పుట్టాడు. 1897 లో లండనులో వ్యాయామశాల తెరిచాడు. అతని గొప్పతనం కండల్లోనే లేదు, టేపులో ఉంది. ఇవాళ రొమ్ము ఎంత, జబ్బ ఎంత, తొడ ఎంత అని కొలిచి రాసుకోవడం, ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో పట్టికలు వేసుకోవడం, దూరాన ఉన్నవాళ్ళకి పోస్టులో పాఠాలు పంపడం... అన్నీ అతను చేసినవే. మా పిల్ల ఫోనులో వచ్చిన చార్టు ఆనాడు కవరులో వచ్చేది, అంతే తేడా! 1904-05 లో అతను మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు.

అతని పేరు మోగుతున్న కాలంలోనే మన తెలుగువాడొకడు ఆ స్థాయికి ఎదిగాడు. కోడి రామమూర్తి నాయుడు పేరు వినని తెలుగువాళ్ళుంటారా? ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగాడు. మద్రాసు దగ్గర సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందివచ్చి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. ఆ తరువాత సర్కసు పెట్టాడు. రొమ్ముకు చుట్టిన ఇనపగొలుసును ఊపిరి పూరించి పటుక్కున తెంపేవాడు. రొమ్ముమీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. పైగా శాకాహారి! జనం 'కలియుగ భీముడు' అన్నారు. 1942 లో కన్నుమూశాడు. విశాఖపట్నం సముద్రపొడ్డున ఇవాళ్టికీ ఆయన విగ్రహం ఉంది.

శాండో, రామమూర్తి, మా ఊరి గుండ్రాయి - ముగ్గురిదీ ఒకటే సూత్రం. ఒంటికి అలవాటైన బరువుకన్నా కాస్త ఎక్కువ బరువు ఇవ్వాలి. ఆ శ్రమకు కండ కొంచెం దెబ్బతింటుంది. తిండీ నిద్రా సరిగ్గా ఉంటే ఆ దెబ్బను బాగుచేసుకుంటూ మునుపటికన్నా గట్టిపడుతుంది. మళ్ళీ కాస్త బరువు పెంచాలి. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. కానీ ఒకటి గమనించండి. తిండి లేకపోతే ఈ లెక్క తిరగబడుతుంది. కట్టడానికి ఇటుకలు లేకుండా గోడను రోజూ తవ్వినట్టే.

ఆ తిండి సంగతి తేల్చినది మరో కథ. 1918 లో నీలగిరి కొండల్లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక చిన్న పరిశోధనశాల మొదలుపెట్టాడు. 1920లలో ఆయన ఒక తమాషా చేశాడు. ఎలుకల్ని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు మన దేశంలో ఒక్కో ప్రాంతంవాళ్ళ భోజనం పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, మొలకెత్తిన శనగలు, పచ్చికూరలు ఉన్న సిక్కుల భోజనం తిన్న ఎలుకలు నిగనిగలాడుతూ అన్నింటికన్నా బాగా పెరిగాయి. అట్టడుగున నిలిచినదేదో తెలుసా? మద్రాసు భోజనం! కడిగి కడిగి వార్చిన తెల్లన్నం, పాలూ కూరలూ అంతంత మాత్రం.

అప్పటికి మా కడప జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. ఆ ఫలితం చదివి మనసు చివుక్కుమంది గానీ, వెంటనే తేరుకున్నాను. ఆ తెల్లన్నం మా సీమలో పండగపూట కనిపించే చుట్టం. వానలు సరిగ్గా పడని ఈ నేలలో మాకు రోజూ దిక్కు రాగులు, జొన్నలు, కొర్రలు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, అంతే తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. పేదరికం మాకు తెలియకుండానే మంచి తిండి పెట్టింది! 1983 లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. కానీ సంగటి తినడం నామోషీ అయింది. ఇప్పుడు అదే రాగిపిండిని పట్నంలో అందమైన పొట్లాల్లో పెట్టి అమ్ముతుంటే మా పిల్ల కొనుక్కొస్తోంది.

ఆ కూనూరు పరిశోధనశాలే 1958 లో హైదరాబాదు తరలివచ్చింది. 1969 నించీ జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరుతో తార్నాకలో ఉంది. 2024 లో ఆ సంస్థవాళ్ళు ఇచ్చిన ఆహార సూచనల్లో మాంసకృత్తుల పొడుల జోలికి పోవద్దని హెచ్చరించారు. మా పిల్ల చార్టులో ఆ పొడి డబ్బా రోజుకు రెండుసార్లుంది! వంద గ్రాముల వేరుశనగ పప్పులో పాతిక గ్రాముల మాంసకృత్తులున్నాయి. కందిపప్పు, ఉలవలు, పెసలు, గుడ్డు, పెరుగు మన వంటింట్లోనే ఉన్నాయి.

డాక్టరుగారి ఎలుకల్లో ఇంకో విశేషం కూడా నన్ను ఆలోచింపజేసింది. ఆ బోనుల్లో, అందరూ తిన్నాక మిగిలింది తినాలన్న ఆచారం ఏ ఎలుకకూ లేదు! మనకుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా కాస్త ఎక్కువే, దాదాపు 59 మంది.

ఆ లెక్కలో నేనూ ఉండేదాన్ని. నలభై దాటాక నడుం చుట్టుకొలత పెరిగిందని రాత్రి భోజనం మానేశాను. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. నలుగురూ మెచ్చుకున్నారు. మెట్లెక్కుతుంటే మాత్రం కళ్ళు బైర్లు కమ్మేవి. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది! "మీరు కొవ్వొక్కటే తగ్గించుకోలేదమ్మా, కండ కూడా పోగొట్టుకున్నారు" అంది డాక్టరమ్మ. త్రాసు చూపించే అంకెకు అది కొవ్వో కండో తెలీదుట. వయసు మీదపడేకొద్దీ కండ దానంతటదే కరుగుతుంది. మనం కడుపు మాడ్చుకుని ఆ పని ఇంకా తొందరగా చేస్తున్నామన్నమాట.

ఒళ్ళు మార్చుకోవడమంటే తగ్గించుకోవడమే అనుకునే మనకి మంచి జవాబు చెప్పిన ఆడపిల్ల ఒకతె ఉంది. 1975 లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, ఆమదాలవలసలో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి. మరీ బక్కగా ఉన్నావు, ఇది నీవల్ల కాదని మొదట్లో వెనక్కి పంపేశారని ఆమే చెప్పుకుంది. అలా వెనక్కి పంపిన పిల్ల 1994, 95 సంవత్సరాల్లో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. తరువాత 69 కిలోల తరగతికి వెళ్ళింది. ఒళ్ళు చేసిందని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. 2000 సెప్టెంబరు 19 న సిడ్నీలో ఆమె 110, 130 కలిపి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యపతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే! బంగారం రెండున్నర కిలోల దూరంలో తప్పిపోయింది.

మగవాళ్ళ బరువుల పోటీ 1896 లో మొదటి ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్ళకి ఆ పోటీ పెట్టినది 2000 లో, మల్లీశ్వరి గెలిచిన ఏడాదే. అంటే గుండ్రాయి దగ్గరికి మనల్ని రానివ్వడానికి నూట నాలుగేళ్ళు పట్టింది. ఏం, అంతవరకూ మనం బరువులు మొయ్యలేదా? ఈ సీమలో మైళ్ళ దూరం నించి నీళ్ళబిందెలు తెచ్చిందెవరు? మోతకు మాత్రం మనం కావాలి. ఆ మోతకు తగిన తిండీ విశ్రాంతీ లెక్కలోకి రాలేదు. చాకిరీకీ వ్యాయామానికీ తేడా అక్కడే ఉంది.

మనందరం మల్లీశ్వరులం కానక్కర్లేదు. వారానికి కనీసం నూటయాభై నిమిషాలు చురుగ్గా నడవడం, రెండు రోజులైనా కండకు పనిచెప్పడం చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో చెప్పింది. రక్తపోటు, గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందు డాక్టరుకు చెప్పి మొదలెట్టండి. పప్పూ ఆకుకూరా తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, ఇనుము ఒంటబడుతుంది. భోంచేసిన వెంటనే కాఫీ గ్లాసు పట్టుకోకండి. అన్నిటికన్నా ముఖ్యం, వేడిగా ఉన్నప్పుడే అందరితో పాటు కూచుని తినండి.

ఇదంతా మా అన్న కూతురికి చెప్పాను. పిల్ల తెలివైనదే. చార్టు పారేయలేదు గానీ, పెన్సిలు తీసుకుని పొడి డబ్బా ఉన్న గళ్ళలో 'పల్లీలు' అని, ఓట్సు ఉన్నచోట 'సంగటి' అని రాసుకుంది. ఆ రాత్రి వడ్డిస్తున్న అమ్మ చేతిలోంచి గరిటె లాక్కుని, మా వరసలోనే కూచోబెట్టింది. "అయ్యో, మీరు తినండి మే" అంటూనే అమ్మ తిన్నది. వేడి సంగటి, గోంగూర పప్పు, గడ్డపెరుగు.

మర్నాడు పొద్దున్నే వసారాలో మాటలు వినిపిస్తే తొంగిచూశాను. అమ్మను కుర్చీలో కూచోబెట్టి, చేతులు ఆనించకుండా పైకి లేవమంటోంది పిల్ల. అమ్మ మోకాళ్ళు తడబడుతూ లేచింది, కూచుంది, లేచింది. ఆరుసార్లు లేచాక ఆయాసపడుతూ ఆగింది. పిల్ల తన చార్టు అడుగున ఇంకో గీత గీసి, 'జేజి - 6' అని రాసింది.

కాసేపు ఊపిరి తీసుకుని అమ్మ ఆ కాగితం వైపు చూసింది.

"ఇంగ రేపు ఏడు రాసుకో మే" అంది.