తెర వెనక నుంచి రంగం మీదికి

1598 డిసెంబర్ 28న లండన్ శివార్లలోని షోర్‌డిచ్‌లో ఒక నాటకశాలను దాని సొంతదారులే విప్పడం మొదలుపెట్టారు. 1576లో జేమ్స్ బర్బేజ్ కట్టించిన 'ది థియేటర్' అది. చెక్క వాళ్లది, నేల మరొకరిది. కౌలు గడువు తీరి భూస్వామితో తగాదా ముదిరాక, బర్బేజ్ కొడుకులు వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి దూలాలు ఊడదీసి పట్టుకుపోయారు. మరుసటి ఏడు థేమ్స్ నది అవతల ఆ చెక్కతోనే గ్లోబ్ లేచింది. షేక్‌స్పియర్ అందులో వాటాదారు. ఒక పెన్నీ ఇచ్చినవాళ్లు ముంగిట నిలబడి చూసేవారు, ఇంకో పెన్నీ ఇస్తే పై వరసల్లో చోటు దొరికేది.

నాటకశాలను విప్పి మోసుకుపోవడం బర్బేజ్ కుటుంబానికి తప్పనిసరై చేసిన పని. మన సురభి నాటక కుటుంబాల వాళ్లకు అది తరాల తరబడి సాగిన బతుకు. తాండూరులో గానీ వికారాబాద్‌లో గానీ హైదరాబాద్ వైపు రైలెక్కితే దారిలో లింగంపల్లి వస్తుంది. సురభి కళాకారుల కాలనీ ఉన్నది ఆ ప్రాంతంలోనే. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద చరిత్ర ఉందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

వాళ్ల పెద్దలది తోలుబొమ్మలాట. మరాఠీ మూలాలున్న కుటుంబాలు తెలుగు ఊళ్లలో తిరుగుతూ, దీపం ముందు బొమ్మల్ని ఆడిస్తూ రామాయణ భారతాలు చెప్పేవి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక కంపెనీలు తెలుగు పట్టణాలకు వచ్చాయి, జనం నాటకాల వెంట పడ్డారు. బొమ్మలాటకు గిరాకీ తగ్గే కాలం మొదలైంది. 1885లో కడప జిల్లా సొరుగు గ్రామంలో వనారస కుటుంబం బొమ్మల్ని పక్కనపెట్టి, మనుషులే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడింది. ఆ ఊరే తర్వాత సురభి అయింది, ఆ పేరే నాటక సమాజాలకూ నిలిచింది. వనారస గోవిందరావు దీన్ని ఇంటిల్లిపాదీ చేసే వృత్తిగా నిలబెట్టారు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆడవేషాల సంగతి. షేక్‌స్పియర్ జూలియట్‌ను ఆడింది మీసం రాని కుర్రాడు. ఇంగ్లండ్ వృత్తి రంగస్థలం మీదికి స్త్రీ వచ్చింది 1660లో. మన కూచిపూడి భాగవతంలోనూ ఒకప్పుడు సత్యభామ వేషం మగవాళ్లదే. సురభిలో మాత్రం తొలి రోజుల నుంచే ఇంటి ఆడవాళ్లు ముఖానికి రంగు వేసుకున్నారు. దీనికి మూలం బొమ్మలాటలోనే ఉందని నా నమ్మకం. ఆడబొమ్మలకు గొంతిచ్చి పాడేది ఆ ఇళ్ల ఆడవాళ్లే కదా! అప్పటికే పాట వచ్చు, పద్యం వచ్చు, కథ నోట్లో ఉంది. తెర ఇవతలికి రావడమే మిగిలింది. ఆ కుటుంబాల్లో పుట్టిన సురభి కమలాబాయే 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి.

ఇక వాళ్ల రంగం పనితనం చూడాల్సిందే. రెండు పక్కల నుంచి తీగల మీద జారుతూ వచ్చిన బాణాలు నడిమధ్య ఢీకొంటాయి, నిప్పురవ్వలు రాలతాయి. నారదుడు పైనుంచి దిగుతాడు. రంగులద్దిన తెర పైకి లేచేసరికి వెనక అడవి పోయి రాజసభ నిలుస్తుంది. తాళ్లు, కప్పీలు, తీగలు, దీపాలు, ఇవే సామగ్రి. ఎప్పుడు ఏ తాడు లాగాలో పక్కన నిలబడ్డవాడి చేతికి తెలుసు. అతనూ ఆ ఇంటివాడే, తర్వాతి రంగంలో కిరీటం పెట్టుకుని వస్తాడు. ఆట ముగిశాక పందిరి, రేకులు, తెరలు అన్నీ విప్పి మరో ఊరు కదిలేవారు.

ఈ కళ పురాణాల దగ్గరే ఆగలేదు. 1990లలో నాటక దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వీళ్లతో 'భీష్మ' చేయించారు, జర్మన్ రచయిత బ్రెక్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. సురభి బాబ్జీగా పేరుపొందిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. మన వికారాబాద్, తాండూరు బడుల పిల్లల్ని ఏడాదికి ఒక్కసారైనా 'మాయాబజార్' ఆటకు తీసుకెళ్లాలి. ఘటోత్కచుణ్ణి సినిమాలో చూసిన పిల్లలు, పది అడుగుల దూరంలో చూడాలి.