కలకత్తా చేరిన మూడు డబ్బాలు

మా మేనల్లుడు కోల్‌కతాలో ఉద్యోగం చేస్తాడు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, జీపు తీసుకుని పురూలియా కొండల వైపు, అడవి దారుల వెంట పోతాడు. నేను ఒకసారి వాడింటికి వెళ్ళినప్పుడు విశ్వకర్మ పూజ వచ్చింది. మనం దసరాకి ఆయుధపూజ చేసినట్టు బెంగాల్లో సెప్టెంబరు 17 ప్రాంతంలో కర్మాగారాల్లో, గరాజుల్లో, రిక్షా స్టాండుల్లో ఈ పూజ చేస్తారు. వాడి జీపుకి కూడా బంతిపూల దండ వేశారు. బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు.

పూజ సంగతి పక్కనపెట్టి బండి చుట్టూ ఒకసారి తిరిగాను. ముందు విన్చ్, పక్కన పొడుగాటి స్నార్కెల్ గొట్టం, పైన లైట్ల బారు, దాని వెనక రూఫ్ క్యారియర్ మీద మూడు జెర్రీక్యాన్లు.

"వీటిలో ఏది పనిచేస్తుందో ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను.

"విన్చ్ ఒకసారి వాడాను మామయ్యా."

"పైన ఆ డబ్బాలో?"

"అవి ఖాళీవే. బండికి లుక్కు కోసం."

"మరి నిమ్మకాయలు?"

"అమ్మ తృప్తి కోసం."

వాడు లుక్కు కోసం పెట్టుకున్న ఆ డబ్బాకి పెద్ద చరిత్రే ఉంది. అందులో ఒక ముఖ్యమైన మజిలీ వాడుంటున్న ఊరే. అది మన హేతువాదులకి పనికొచ్చే కథ కనుక ఇక్కడ రాస్తున్నాను.

బండికి అలంకారాలు తగిలించడం కలకత్తాకి కొత్త కాదు. 1910లో అక్కడ మాథ్యూసన్ అనే బ్రిటిష్ ఇంజనీరు హంస ఆకారంలో ఒక కారు చేయించుకున్నాడు. ఇంగ్లండులో లోస్టాఫ్ట్‌లోని బ్రూక్ కంపెనీ దాన్ని తయారుచేసింది. హంస కళ్ళలో విద్యుద్దీపాలు వెలిగేవి, ముక్కులోంచి ఆవిరి చిమ్మేది, వెనకనుంచి రెట్టలాగా సున్నపు నీళ్ళు పడేవి. జనం హడలిపోయారు. చివరికి పోలీసులు దాన్ని వీధిలోకి రానివ్వలేదు. ఇప్పుడది నెదర్లాండ్స్‌లో, హేగ్ నగరంలోని లౌమన్ మ్యూజియంలో ఉంది. ఇంత ఆర్భాటంలోనూ పనికొచ్చే సరంజామా ఒకటుంది. టైర్లకి అంటుకున్న ఏనుగు పేడని తుడిచే బ్రష్షులు! ఆ ఊరి రోడ్ల అవసరం చూసి పెట్టినది అదొక్కటే.

ఇప్పుడు డబ్బా సంగతి. పాత తరం పాఠకులకి కిరసనాయిలు డబ్బా గుర్తుండే ఉంటుంది. నాలుగు గ్యాలన్లు, అంటే సుమారు 18 లీటర్లు పట్టే నలుచదరపు పల్చటి రేకు డబ్బా. నూనె అయిపోయాక మన ఇళ్ళలో దానికి అడ్డకర్ర బిగించి నీళ్ళు తోడుకునేవాళ్ళం, బియ్యం పోసుకునేవాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆఫ్రికా ఎడారిలో పెట్రోలు మోసింది ఇలాంటి రేకు డబ్బాల్లోనే. లారీ కుదుపులకి అతుకులు విడిపోయేవి, పెట్రోలు ఇసుకపాలయ్యేది. దారిలో పోయేది 30 శాతం దాకా ఉంటుందని సైన్యాధిపతి ఆషిన్‌లెక్ అంచనా వేశాడు. ఎడారిలో నూరు లీటర్లకి ముప్ఫై లీటర్లు పోవడమంటే ఏమిటో ఊహించండి.

జర్మన్ సైన్యం వాడినది వేరే డబ్బా. దాన్ని 1937 ప్రాంతంలో గ్రూన్‌ఫోగెల్ అనే ఇంజనీరు రూపొందించాడు. అది 20 లీటర్లు పడుతుంది. రెండు ఉక్కు రేకుల్ని అచ్చులో వత్తి, అంచుల్ని వెల్డింగు చేస్తారు. పక్కల మీద గుణకారం గుర్తులా కనిపించే గాడి డిజైను కాదు. డబ్బాకి బలాన్నిచ్చేదీ, ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తే రేకు ఉబ్బే వీలిచ్చేదీ అదే. పైన మూడు పిడులెందుకంటే, నిండు డబ్బాని ఇద్దరు చెరో పక్కా పట్టుకోవచ్చు, ఖాళీ డబ్బాలైతే ఒక్కో చేత్తో రెండేసి పట్టుకోవచ్చు. మూతికి మరలేదు. మీట నొక్కితే మూసుకుంటుంది, ఎత్తితే తెరుచుకుంటుంది. లోపలికి గాలి పోయే సన్నటి గొట్టం ఉండబట్టి పోసేటప్పుడు గళగళమని చిందదు. నింపాక కూడా లోపల కొంత గాలి మిగులుతుంది కనుక నీళ్ళలో పడినా తేలుతుంది.

ఇందులో ఏదీ రహస్యం కాదు. డబ్బా చేతిలో ఉంటే పదేళ్ళ పిల్లవాడు కూడా పరీక్షించి చూడగలడు.

ఈ డబ్బా అమెరికా చేతికి చిక్కిన వైనాన్ని రిచర్డ్ డేనియల్ అనే అమెరికన్ 1987లో ఒక వ్యాసంలో రాశాడు. యుద్ధకాలంలో ఇంధనం వ్యవహారాలు చూసిన రసాయన ఇంజనీరు ఆయన. 1939 వేసవిలో బెర్లిన్‌లో పని ముగించుకున్న పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు, తోటి జర్మన్ ఇంజనీరుతో కలిసి రోడ్డు మార్గాన ఇండియాకి బయల్దేరాడు. ఇద్దరూ ఒక చాసిస్ కొని దాని మీద బాడీ కట్టుకున్నారు. తీరా బయల్దేరబోతే, దారిలో అవసరానికి నీళ్ళు పెట్టుకునే ఏర్పాటు లేదని గుర్తొచ్చింది. ఆ జర్మన్ టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలోని నిల్వల నుంచి మూడు డబ్బాలు తెచ్చి కారు అడుగున బిగించాడు. పదకొండు సరిహద్దులు దాటారు. జర్మన్ మధ్యలోనే వెనక్కి వెళ్ళిపోయాడు, వెళ్తూ డబ్బా తయారీ వివరాలు చెప్పిపోయాడు. ప్లైస్ ఒక్కడే కలకత్తా చేరి, కారుని అక్కడ భద్రపరిచి అమెరికా వెళ్ళాడు.

అక్కడ సైనికాధికారులకి డబ్బా గురించి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. చూపిద్దామంటే నమూనా కలకత్తాలో ఉంది! చివరికి కారు మొత్తాన్ని ఓడలో తెప్పించాడు. 1940 వేసవిలో అది న్యూయార్క్ చేరింది. ఒక డబ్బాని వాషింగ్టన్‌కి పంపాడు. వాళ్ళు చూశారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి మా డబ్బానే కాస్త మెరుగుపరిస్తే చాలన్నారు. దానికి మర మూతలు. తెరవడానికి పానా కావాలి, పోయడానికి గరాటా కావాలి. తర్వాత జర్మన్ డబ్బాని అనుకరించినప్పుడు కూడా ఆకారం, కొలత, పిడులు మాత్రమే తీసుకుని, వెల్డింగు తీసేసి మడత అతుకులు పెట్టారు. బ్రిటిష్ వాళ్ళు మాత్రం రెండో డబ్బాని లండన్‌కి తెప్పించుకుని ఉన్నదున్నట్టు తయారుచేశారు. యుద్ధం ముగిసేనాటికి ఐరోపాలో మిత్రరాజ్యాల డబ్బాలు రెండు కోట్ల పైచిలుకు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఆ జర్మన్ ఇంజనీరు కోసం గోరింగ్ స్వయంగా విమానం పంపించాడని కూడా డేనియల్ రాశాడు. చెవికి ఇంపుగా ఉంది. కానీ దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఒక మనిషి చెప్పిన మాట అది. బాబాల మహిమల్ని చెప్పేవాళ్ళని మనం సాక్ష్యం అడుగుతాం కదా. మనకి నచ్చిన కథకి మినహాయింపు ఉండకూడదు. ప్రయాణం వివరాల్లో ఒకటీ అరా కల్పన అని రేపు తేలినా డబ్బా గుణం మారదు. దానికి డేనియల్ సాక్ష్యం అక్కర్లేదు, డబ్బాయే సాక్ష్యం. నాజీ సైన్యం వాడిందన్నా సరే, మంచి మూత మంచి మూతే.

వాషింగ్టన్ అధికారులు మూఢభక్తులు కారు, చదువుకున్న ఇంజనీర్లు. అయినా "మా దగ్గర ఉన్నది చాలు" అనే నమ్మకం పరీక్షకి అడ్డొచ్చింది. రెండు డబ్బాల్లోనూ పెట్రోలు నింపి లారీలో ఒక పగలంతా తిప్పి ఉంటే చాలు, తేడా సాయంత్రానికి తెలిసిపోయేది.

ఇదంతా మా వాడికి చెప్పాను. మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఇంజను ఐడిలింగులో ఉండగా స్నార్కెల్ మూతి మూసి చూశాం. గొట్టం అతుకులన్నీ బిగుతుగా ఉంటే గాలి అందక ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు! ఎక్కడో సందుంది. అంటే ఆ గొట్టాన్ని నమ్ముకుని వాగులో దిగితే ఇంజనులోకి నీళ్ళు పోయేవే. ఇన్నాళ్ళూ ఆ సంగతి నిమ్మకాయ చెప్పలేదు, దండ చెప్పలేదు, నంబరు ప్లేటు మీద అంకెల మొత్తం తొమ్మిది వచ్చిందని మురిసిపోయిన జ్యోతిష్కుడూ చెప్పలేదు.

డబ్బాలు కూడా పైనుంచి దించేశాడు. నింపితే మూడూ కలిసి అరవై కిలోల దాకా తూగుతాయి. అంత బరువు నెత్తిన పెట్టుకుంటే పక్కకి వాలిన దారిలో బండి బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది. 1939లో వాటిని కారు అడుగున ఎందుకు బిగించారో వాడికి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

నిమ్మకాయలు మాత్రం అలాగే ఉన్నాయి. "అమ్మకి ఏం చెప్పను మామయ్యా?" అన్నాడు. స్నార్కెల్ సంగతి చెప్పమన్నాను.