పాత టర్బో డీజిల్ కారు పొగ పరీక్షకు వెళ్తోందా? ముందు బ్రీథర్ పైపు చూడండి

నారాయణరావుపేటలో నాన్న దగ్గరో, అన్న దగ్గరో ఉన్న పాత డీజిల్ కారుకు పదిహేనేళ్లు నిండబోతున్నాయా? మీరు హైదరాబాద్‌లో ఉంటూ ఫోన్‌లోనే దాని పొల్యూషన్ సర్టిఫికెట్, ఆర్‌సీ రెన్యువల్ పనులు చూస్తున్నారా? అయితే బండిని సిద్దిపేట రవాణా శాఖ కార్యాలయానికి పంపే ముందు బానెట్ తెరిచి ఒక పైపును చూడాలి. షెడ్డులో దాన్ని బ్రీథర్ పైపు అంటారు. అది మూసుకుపోతే ఆయిల్ కారుతుంది, పొగ వస్తుంది, నింద మాత్రం టర్బో మీద పడుతుంది. టర్బో మార్చాలంటే వేలల్లో ఖర్చు. బ్రీథర్ శుభ్రం చేయడం ఒక పూట పని.

ఇంజిన్‌కు ఊపిరి ఎందుకు?

సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువుల్లో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, అంటే ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది ఉంటుంది, రింగులు అరిగేకొద్దీ పెరుగుతుంది. ఇందులో మసి, నీటి ఆవిరి, మండని ఇంధనం, సన్నటి ఆయిల్ తుంపరలు కలిసి ఉంటాయి. దీన్ని బయటికి వదలకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లను తోసేస్తుంది. పూర్వం కార్లలో ఒక గొట్టాన్ని నేరుగా రోడ్డు వైపు వదిలేసేవారు. ఆ వాయువులను తిరిగి ఇంజిన్‌లోకే పంపి మండించే పద్ధతి అమెరికాలోని కాలిఫోర్నియాలో అమ్మే కార్లకు 1961 మోడళ్ల నుంచి వచ్చింది.

టర్బో డీజిల్ కార్లలో ఈ బ్రీథర్ పైపు సాధారణంగా ఇంజిన్ పైకవర్ నుంచి బయల్దేరి, ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య ఉండే గొట్టంలో కలుస్తుంది. కవర్‌లో ఉండే సెపరేటర్ ఆయిల్‌ను చాలావరకు ఆపుతుంది. మిగిలిన తుంపర టర్బో గుండా ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లి అక్కడ చేరుతుంది. ఈజీఆర్ నుంచి వచ్చే మసి దానికి తోడైతే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో తారులాంటి పొర కడుతుంది. ఇన్నోవా, స్కార్పియో, స్విఫ్ట్ డీజిల్ అన్న తేడా లేదు, పాతబడ్డ ఏ టర్బో డీజిల్‌లోనైనా జరిగేది ఇదే.

స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి పాత టర్బో పెట్రోల్ కార్లలో అదనంగా ఒక వాల్వు ఉంటుంది. టర్బో ఒత్తిడి పెరిగినప్పుడు అది మానిఫోల్డ్ దారిని మూసేయాలి. అది పాడైతే టర్బో గాలి వెనక్కి తన్ని క్రాంక్‌కేస్‌లోకి వస్తుంది. మన ఊళ్లలో తిరిగేవి ఎక్కువగా డీజిల్ బండ్లే కాబట్టి ఇక్కడ వాటి సంగతే చెబుతున్నాం.

తప్పు టర్బోదేనా?

టర్బో బేరింగులకు ఆయిల్ పంపు ఒత్తిడితో వెళ్తుంది. తిరిగి రావడం మాత్రం కిందికి జారడమే, తోసేవారెవరూ ఉండరు. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి ఉంటే ఆ జారుడు ఆగిపోతుంది. ఆయిల్ టర్బోలోనే నిలిచి సీళ్లు దాటి గాలి గొట్టంలోకో, సైలెన్సర్‌లోకో పోతుంది. నీలి పొగ కనిపించగానే ‘టర్బో పోయింది సార్’ అనే మాట వినిపిస్తుంది. బ్రీథర్ చూడకుండా కొత్త టర్బో వేస్తే, కొన్నాళ్లకు అదీ ఆయిల్ వదలడం మొదలుపెడుతుంది. టర్బోకు ఒప్పుకునే ముందు ‘బ్రీథర్ చూశారా? షాఫ్ట్ ఆట ఎంత ఉంది?’ అని మెకానిక్‌ను అడగండి. ఈ రెంటికీ జవాబు రాకపోతే డబ్బులు కట్టొద్దు.

ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. మొదట డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పైగీత దాటి ఉంటే క్రాంక్ దాన్ని చిలికి తుంపర చేస్తుంది, అదనంగా ఉన్నది తీసేస్తే చాలు. తర్వాత ఎయిర్ ఫిల్టర్. వరికోతల కాలంలో నారాయణరావుపేట చుట్టుపక్కల దుమ్ములో తిరిగే బండికి, సిటీ బండికి పెట్టుకునే కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఫిల్టర్ పూడుకుపోతే టర్బో ముందు గొట్టంలో పీల్పు పెరిగి, బ్రీథర్ నుంచి ఇంకా ఎక్కువ ఆయిల్ లాగుతుంది.

ఆ తర్వాత ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూతను వదులు చేసి అలాగే ఆనించండి. వేడి ఆయిల్ చిమ్మవచ్చు కాబట్టి ముఖం దూరంగా పెట్టుకోండి. మూత కొద్దిగా వణికితే మామూలే. ఎగిరిపడుతున్నా, కింది నుంచి పొగ గుప్పుగుప్పున వస్తున్నా బ్రీథర్ పూడి ఉండాలి, లేదా రింగులు అరిగి ఉండాలి. బ్రీథర్ శుభ్రం చేశాకా అదే తీరు కనిపిస్తే కంప్రెషన్ టెస్ట్ చేయించాలి.

క్యాచ్ క్యాన్ పెట్టించాలా?

బ్రీథర్ దారిలో అమర్చే చిన్న డబ్బానే క్యాచ్ క్యాన్. లోపలి అడ్డుపలకలకు, జాలీకి తగిలి తుంపర చుక్కలై అడుగున చేరుతుంది, గాలి మాత్రం ముందుకు పోతుంది. ఇంటర్‌కూలర్, మానిఫోల్డ్ శుభ్రంగా ఉంటాయి. అరిగిన రింగులను మాత్రం అది బాగుచేయలేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొన్నింటిలో అడ్డుపలకలే ఉండవు. అవి ఒట్టి డబ్బాలు, కొనడం దండగ.

పెట్టించేవారు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. హోస్ లోపలి వ్యాసం కంపెనీ పైపు కంటే తగ్గకూడదు. ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు హోసే వాడాలి. తోటకు నీళ్లు పట్టే పైపు ముక్క వేడికి మెత్తబడి ముడుచుకుంటే ఉన్న దారీ మూసుకుపోతుంది. డబ్బాను టర్బోకు, ఎగ్జాస్ట్‌కు దూరంగా బిగించాలి, ఆయిల్ అక్కడ కారితే అంటుకునే ప్రమాదం ఉంది. మొదట్లో వెయ్యి కిలోమీటర్లకోసారి తెరిచి, ఎంత చేరుతోందో చూసి గడువు పెట్టుకోండి. చలికాలంలో ఇంటికీ పొలానికీ మధ్య మాత్రమే తిరిగే బండిలో నీళ్లు కలిసి మజ్జిగలాంటి ముద్ద చేరుతుంది. అది కనపడగానే ఇంజిన్ పోయిందని భయపడొద్దు, రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం లేదు కదా అని చూసుకోండి. తీసిన మడ్డిని మోరీలో, పొలంలో పారబోయొద్దు. షెడ్డులో వాడిన ఆయిల్ డ్రమ్ము ఉంటుంది, అందులో పోయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, డబ్బా నుంచి బయటికి వచ్చే రెండో పైపు తిరిగి టర్బో ముందు గొట్టానికే వెళ్లాలి. కొందరు దాన్ని గాలికి వదిలేసి చిన్న ఫిల్టర్ తగిలిస్తారు. ఆ వాసన ఏసీ గుండా క్యాబిన్‌లోకి వస్తుంది, కంపెనీ ఇచ్చిన కాలుష్య నియంత్రణ దారి కూడా తెగిపోతుంది. ఆర్‌సీలో క్యాచ్ క్యాన్‌కు ప్రత్యేక గడి ఉండదు. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. తనిఖీలో అభ్యంతరం వస్తే పాత అమరిక మళ్లీ పెట్టుకునేలా కంపెనీ హోసులు, క్లిప్పులు దాచి ఉంచండి.

పొగ పరీక్షలో ఏం చూస్తారు?

డీజిల్ బండిని న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పొగ ఎంత వెలుతురును అడ్డుకుంటుందో మీటర్‌తో కొలుస్తారు. బీఎస్-4కు ముందు బండ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 వాటికి 50. హైదరాబాద్‌లో బీఎస్-4 2010లోనే వచ్చినా, దేశమంతటా వచ్చింది 2017 ఏప్రిల్ 1న. అందుకే ఒకే ఏడాది కొన్న రెండు బండ్ల ప్రమాణం వేరుగా ఉండొచ్చు, మీది ఏదో ఆర్‌సీలో చూసుకోండి. సర్టిఫికెట్ గడువు పాత ప్రమాణాల బండ్లకు ఆరు నెలలు, బీఎస్-4 నుంచి ఏడాది. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే సెక్షన్ 190 కింద రూ.10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆర్‌సీ రెన్యువల్‌కు గడువు ముగిసే ముందు 60 రోజుల్లోపు ఫారం 25తో దరఖాస్తు చేయాలి, రెన్యువల్ ఐదేళ్లకు వస్తుంది. ఈ రెండు నెలల్లోనే బ్రీథర్ పని పూర్తి చేయించుకుంటే మంచిది.

ఒక ప్రమాదం గురించి ఇంట్లో నడిపేవారికి తప్పక చెప్పండి. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ బాగా నిలిచి ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా పీల్చి దానంతటదే రేస్ అవుతుంది. తాళం తీసినా ఆగదు. గేరు బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, నాలుగో గేరో ఐదో గేరో వేసి క్లచ్ వదిలేయాలి, ఇంజిన్ ఆగిపోతుంది. అది కుదరకపోతే బండి దిగి దూరంగా జరగాలి. గాలి గొట్టానికి చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు. పొగ పరీక్షకు ముందు ఇంటర్‌కూలర్ కింది హోస్ విప్పించి ఆయిల్ ఉందేమో చూడమనేది ఇందుకే. తడిలాగా ఉంటే పర్వాలేదు. ధారగా కారితే ఆ రోజు పరీక్షకు తీసుకెళ్లొద్దు.