మూడు దేశముల మూలన ఒక గ్రామము

ఫ్రాన్సు దేశపు ఈశాన్యమున, మొజెల్ నది కుడి యొడ్డున అపాక్ అను చిన్న గ్రామమున్నది. నది వెంట దిగువకు కొలది దూరము నడచినచో జర్మనీలోని పెర్ల్ గ్రామము వచ్చును. ఆవలి యొడ్డున లక్సెంబర్గునకు చెందిన షెంగెన్ కనబడును. కొండవాలులయందు ద్రాక్షతోటలు. మూడు చోట్లను తాతలనాటి వాడుకభాష ఒక్కటే. అది జర్మను మాండలికములలో నొకటి.

సరిహద్దు కదలదని మనము తలంతుము. ఇచట ఊరు కదలలేదు, సరిహద్దే కదలినది. 1871లో ఫ్రాంక్‌ఫర్టు సంధివలన అపాక్ జర్మనీ పాలైనది. 1918లో ఫ్రాన్సునకు మరలినది. 1940లో జర్మనీ మరల కలుపుకొన్నది. ఆ యుద్ధము ముగియునప్పటికి తిరిగి ఫ్రాన్సుదైనది. 1865లో అచట పుట్టి ఎనుబదేండ్లు జీవించిన ఒక అవ్వను ఊహింతము. గడప దాటకయే ఆమెకు నాలుగు మారులు దేశము మారినది. 1914లో ఆమె కొడుకు జర్మను సైనికుడు. 1939లో మనుమడు ఫ్రెంచి సైనికుడు.

1956లో మూడు దేశములును ఒడంబడిక చేసికొని, మొజెల్ నదిపై లాకులు కట్టి, 1964లో పెద్ద పడవలకు దారి తెరచినవి. దిగువనుండి వచ్చు పడవలకు ఫ్రాన్సులో మొదటి లాకు అపాక్ లాకే. 1985 జూన్ 14న ఈ నదిమీదనే, ప్రిన్సెస్ మారీ-ఆస్ట్రిడ్ అను పడవలో, ఐదు దేశముల ప్రతినిధులు సరిహద్దు తనిఖీలను తొలగించుటకు సంతకములు చేసిరి. అది 1995లో అమలునకు వచ్చినది.

అయినను 2020లో మహమ్మారివేళ, మరల 2024లో, జర్మనీ ఈ సరిహద్దున తనిఖీలు పెట్టినది. అవ్వ కథ ముగిసినదని మనము నిశ్చింతగా నుండరాదు.