జార్ ప్రకటన మీద నెత్తుటి చెయ్యి

1905 నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ‘పులెమ్యోత్’ అనే కొత్త పత్రిక పుట్టింది. మెషిన్‌గన్ అని దాని అర్థం. పేరుకు తగ్గట్టే మొదటి సంచికతోనే పేలింది. వాక్ స్వాతంత్ర్యం ఇస్తున్నానంటూ జార్ రెండో నికొలస్ అక్టోబరులో వెలువరించిన ప్రకటనను సంపాదకుడు నికొలాయ్ షెబుయెవ్ ఉన్నదున్నట్టు అచ్చువేసి, దానిపై ఎర్రటి అరచేతి ముద్ర కొట్టాడు. ఈ కాగితం మీద జనరల్ ట్రెపోవ్ చెయ్యి పడిందని కింద ఒక ముక్క రాశాడు. జనం మీద కాల్చాల్సి వస్తే తూటాలకు వెనకాడొద్దని రాజధానిలో హుకుం జారీ చేసిన ట్రెపోవ్ ఎవరో ఆనాటి పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. సంచిక జప్తయింది. షెబుయెవ్‌కు ఏడాది కోట ఖైదు పడింది.

ప్రాణమంతా ఆ ఎరుపులోనే ఉంది. నలుపు తెలుపు మైక్రోఫిల్మ్‌లో చూస్తే ఆ చెయ్యి ఉత్త సిరామరక. అందుకే ఈ పత్రికలను రంగుల్లో స్కాన్ చేసి నెట్‌లో పెట్టడం చరిత్రకారులకు పెద్ద మేలు. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డిజిటల్ గ్రంథాలయంలో అలాంటి సేకరణ ఉంది.

1905 జనవరిలో జార్‌కు అర్జీ పట్టుకుని వచ్చిన కార్మికులపై సైనికులు కాల్పులు జరిపారు. ఆ కోపమూ, అక్టోబరు ప్రకటన ఇచ్చిన తెగువా కలిసి 1905-07 మధ్య 300కు పైగా వ్యంగ్య పత్రికలు పుట్టుకొచ్చాయి. ముందస్తు సెన్సార్‌ను నవంబరులో ఎత్తేసిన సర్కారు, అచ్చయ్యాక జప్తు చేసే అధికారాన్ని మాత్రం వదులుకోలేదు. చాలా పత్రికలు ఒకటి రెండు సంచికలకే నేలరాలాయి.

బొమ్మల్లో మేటి ‘ఝూపెల్’. అందులో చిత్రకారుడు దొబుజిన్‌స్కీ గీసిన ‘అక్టోబరు ఇడిల్’ (అక్టోబరు ప్రశాంత దృశ్యం)లో మనుషులే కనిపించరు. ప్రశాంతమైన వీధి, గోడకు అంటించిన జార్ ప్రకటన, ఆ గోడ మీదే నెత్తుటి చారలు. కింద ఒక బొమ్మ, కళ్లజోడు, ఊడిపోయిన రబ్బరు జోడు. తెరపై పెద్దది చేసి చూసేకొద్దీ మనసు కలుక్కుమంటుంది. తుపాకీ పట్టిన సైనికుణ్ణి గీసినా ఇంత బలం వచ్చేది కాదు.

జానపద కథల చిత్రకారుడిగా పేరున్న బిలీబిన్ మూడో సంచికలో ఇంకా అల్లరి చేశాడు. రాజుగారి చిత్తరువుకు పెట్టే ఆర్భాటపు చట్రం గీసి, నట్టనడుమ గాడిదను నిలబెట్టాడు. నిజ పరిమాణంలో ఇరవయ్యో వంతు అని కొలత కూడా వేశాడు! అతణ్ణి నిర్బంధించారు, ‘ఝూపెల్’ అంతటితో ఆగిపోయింది.

1906లో ఆ చిత్రకారులే ‘ఆద్‌స్కయా పోచ్తా’ (నరకం తపాలా) తెచ్చారు. అదీ మూడు సంచికలే బయటికొచ్చింది. పత్రికలను అక్షరక్రమంలో పేర్చిన జాబితాల్లో ఈ రెండూ ఎక్కడెక్కడో పడతాయి. చేతులు ఒకటేనని పోల్చుకోవడం మాత్రం చూసేవాళ్ల పని.