అరలపై పరచిన అక్షరములు

వంటయింటి అరపై కాగితము పరచుట చిన్నపనియే. కాని ప్రవాసాంధ్రుల యిండ్లలో దానికిని కొంత చరిత్ర కలదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో అది మద్రాసునుండి దినపత్రికగా వెలువడసాగెను. 1938లో ఆంధ్రప్రభయు మద్రాసుననే పుట్టెను. చదివి ముగించిన పత్రిక అరల కెక్కెడిది. అంతకు పూర్వమే, 1894లో రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయపు రంగుపటములు ఇండ్లకు చేరినవి. అయితే లక్ష్మీసరస్వతుల బొమ్మలను డబ్బాల క్రింద పరచుటకు ఎవరికి చేతులు వచ్చును? అవి బీరువా తలుపుల లోపలివైపున వెలసినవి. అడుగున పరచుటకు వార్తాపత్రికయే తగినది.

మద్రాసులో మా అమ్మగారు ఉగాదికి ముందు డబ్బాలన్నియు దింపి, వేపాకు చల్లి, క్రొత్త కాగితము పరచెడివారు. అర అంచున వ్రేలాడు భాగమును మడతపెట్టి, కత్తెరతో కోసి తోరణమువలె చేసెడివారు. బొమ్మలున్న పుటలు ముందువైపునకు, ధరవరల పుటలు వెనుకకు! బడిలో అరవము చదివిన మాకు తెలుగు గుణింతము ఆ అంచులపైననే పట్టుబడినది. తలక్రిందులుగా పరచిన పుటకు మాత్రము మెడ వంచవలసివచ్చెడిది.

కొయ్యగుజ్జుతో చేసిన పత్రికాకాగితము వెలుతురునకు పసుపెక్కి పెళుసగును. కనుక ఏటేట మార్చక తప్పదు. మార్చినప్పుడెల్ల కొన్ని పాత సంచికలు పొయ్యిపాలైనవి. పిమ్మట పూలప్లాస్టికు వచ్చినది, తుడిచిన చాలును. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయినది.

పాత యిల్లు ఖాళీచేయునాడు ప్లాస్టికు క్రింద ఒక్క పుట దొరకినది. తేదీ యున్న అంచును అమ్మగారి కత్తెర తోరణము చేసినది.