తలకట్టు

అక్షరము చిన్నది, అది చెడినచో అర్థమే చెడును. హవేలిఘనపూర్‌లో మేము పాఠము చెప్పుచుండగా నొక బాలుడు నకలు తీసిన కాగితమును చూచి 'జలధార'ను 'జలదార' యని చదివెను. తోటివారు నవ్విరి. కాగితమును తెప్పించి చూడగా ధకారము క్రింది చిన్నగీత మాసిపోయి యుండెను. ధార యనగా ప్రవాహము. దార యనగా భార్య. తప్పు బాలునిది కాదు, అచ్చుది.

ఆంగ్ల పుస్తకములందు అక్షరముల గీతల చివర సన్నని అడ్డుకొనలు కానవచ్చును. వానిని సెరిఫు లందురు. రోము నగరమున 113లో నిలిపిన ట్రాజను స్తంభముపైని శాసనమునందును ఇవి కలవు. 18వ శతాబ్దమున విలియం కాస్లను చెక్కిన టైపును, 1932లో లండను 'టైమ్స్' పత్రిక స్వీకరించిన టైమ్స్ న్యూ రోమన్ టైపును ఈ వంశమునకు చెందినవే. అయినను కొనలు తీసివేసిన మాత్రమున ఆంగ్లాక్షరము మారిపోదు. 1816లో కాస్లను వంశీయుడే కొనలు లేని టైపును వెలువరించెను.

మన తలకట్టు పైకి సెరిఫువలె కనబడినను అట్టిది కాదు. అది అకారమునకు గుర్తు. గుడి వచ్చినచో తాను తొలగి చోటిచ్చును. బ, ల, జ వంటి వానికి తలకట్టే లేదు. సెరిఫు అలంకారము, తలకట్టు అవయవము. అక్షరము క్రింది ఒత్తుగీతయు నట్టిదే.

ఈ యవయవములను లోహమున నిలుపుట సులభము కాదు. ఉక్కుకొనపై అక్షరమును చెక్కి, దానిని రాగిపై మోది, ఆ గుంటలో కరగిన సీసము పోయవలెను. గుణింతములు, ఒత్తులు కలియుటచే తెలుగునకు ఆంగ్లముకంటె ఎన్నియో రెట్లు టైపులు కావలెను. జర్మనీలోని హాలె నగరమున బెంజమిన్ షుల్జు 1746-47లో తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. శ్రీరాంపురపు ముద్రణాలయము 1812లో తగులబడి టైపులు కరగిపోయెను. కాని ఉక్కుముద్రలు దక్కుటచే మరల పోతపోసిరి. అచ్చటనే 1814లో కేరీ తెలుగు వ్యాకరణము వెలువడెను. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు మదరాసున ముద్రణాలయమును స్థాపించిరి.

మన తెలంగాణమున అచ్చు ఆలస్యముగా వచ్చినను గట్టిగా నిలిచినది. 1922లో ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు పత్రిక'ను నడపిరి. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ పత్రిక'ను ప్రారంభించిరి. ఈ శతాబ్దమున శీర్షికలకై రూపొందిన యొక కంప్యూటరు టైపునకు ఆయన పేరే పెట్టిరి. తగిన గౌరవమే.

అయితే శీర్షికకు తగిన బొద్దు అక్షరము పాఠమునకు తగదు. శీర్షిక దూరమునుండి పిలువవలెను. పాఠము దగ్గర కూర్చుండి మాటాడవలెను. నేడు ఇంటింట సెల్‌ఫోనులో ఎవరైనను టైపును ఎంచుకొనగలరు. ఒకప్పుడు అక్షరశిల్పిపై నుండిన బాధ్యతలో కొంత యిప్పుడు మనపై పడినది. చదువరులారా! బడి కాగితమైనను శుభలేఖయైనను అచ్చునకిచ్చుటకు ముందు ద-ధ, డ-ఢ, చ-ఛ, ప-ఫ జంటలను చిన్న పరిమాణమున వ్రాయించి, ఇంటిలోని పిల్లవానిచే చదివింపుడు. అతడు తడబడినచో టైపును మార్పుడు, పిల్లవానిని దండింపకుడు.